పలక పూత

జాడీలన్నీ నిద్రపోతున్నాయి. సుదర్శనానికి అదే నచ్చలేదు.

బల్ల మీద వరసగా గాజు జాడీలు. వాటిలో పెరాక్సైడ్, చూడడానికి మంచినీళ్ళే. ఒక్కో జాడీలో ఒక్కో లోహపు ముక్క వేలాడుతోంది: అల్యూమినియం, స్టీలు, రాగి, చివర బూడిదరంగు పూత పూసిన స్టీలు. ప్రతి మూత మీదా ఒక సన్నని గొట్టం, అందులో రంగునీళ్ళు. లోపల పెరాక్సైడ్ చెడితే గాలి పుడుతుంది, ఆ గాలి రంగునీళ్ళను పైకి నెడుతుంది. ఎంత పైకి నెడితే ఆ లోహం అంత పనికిమాలినదన్నమాట.

పూత పూసిన ముక్క దగ్గర రంగునీళ్ళు కదల్లేదు. సరే, ఆ పూత గొప్పదనమే అది. మరి రాగి దగ్గర ఎందుకు కదల్లేదు? రాగి తగిలితే పెరాక్సైడ్ తోక తొక్కిన తాచులా లేవాలి. ఇక్కడ పాలు తాగిన పసిబిడ్డలా పడుకుంది.

"వీటిని ఎవరు నింపారు?"

"నేనే నాన్నా" అంది వినీల. పక్కన ఖాజావలి ఉన్నాడని గుర్తొచ్చి "నేనే సార్" అని దిద్దుకుంది.

ఖాజావలి గోరింటాకు పెట్టిన ఎర్రగడ్డం నిమురుకున్నాడు. "నాన్నా అనే పిలవమ్మా. సారంటే మాత్రం ఆయన నవ్వుతాడా ఏంది?"

సుదర్శనం నవ్వలేదు. కూతురి ముఖం చూశాడు. అబద్ధం చెప్పేటప్పుడు ఆ పిల్ల చిన్నప్పుడు కింది పెదవి కొరికేది. ఇప్పుడు కొరకలేదు. పెద్దయ్యాక మానేసిందేమో, ఎవరు చూడొచ్చారు.

మార్కాపురం దాటాక, పలకలు తీసి వదిలేసిన పాత గనిలో కట్టారు ఆ పరీక్షా కేంద్రాన్ని. ట్యాంకు పేలినా చుట్టూ ఉన్న కొండ కాచుకుంటుందని ధైర్యం. రాకెట్టును నెట్టడానికి పెరాక్సైడ్‌ను మించినది లేదు. విషం కాదు, పొగ రాదు. కానీ ఎందులో పోసినా మెల్లగా చచ్చిపోతుంది, లేదా కోపమొచ్చి ట్యాంకును చీల్చుకుని వస్తుంది. నెలల తరబడి సాగే ప్రయాణానికి దాన్ని నిద్రపుచ్చే పాత్ర కావాలి. ఆ పాత్రకు లోపల వేసే పూతను సుదర్శనం భార్య హైమావతి కనిపెట్టింది. ఆరితే బడిపిల్లల పలకలా కనిపిస్తుంది కాబట్టి అందరూ పలక పూత అన్నారు. ఆమె పోయి రెండేళ్ళయింది. ఇప్పుడు కాగితాల మీద దాని పక్కన కేంద్రం పెద్ద డాక్టర్ కమలాకర్ పేరుంది.

అంతరిక్ష నౌకలో మనుషులు కూర్చునే చోటికి వెనకే ఆ ట్యాంకు ఉంటుంది. పూత నిలకడ గలదని సుదర్శనం శనివారం సంతకం పెట్టాలి. పెడితే సోమవారం వినీల పెద్ద ట్యాంకులోకి దిగి, లోపలి గోడలకు ఆఖరి పూత వేస్తుంది. మూతి ఇరుకు. జాడీల గదిలో పనిచేసేవాళ్ళలో అంత సన్నని మనిషి ఆమె ఒక్కతే.

సంతకం పెట్టడానికే అతన్ని వేరే ఊరి నుంచి ఇక్కడికి వేశారు. భార్య కనిపెట్టిన వస్తువును మొగుడు కాదంటాడా అని పైవాళ్ళ ధీమా. సుదర్శనం సంగతి వాళ్ళకు తెలియదు.

మధ్యాహ్నం అందరూ భోజనాలకు వెళ్ళాక అతను రాగి జాడీ తెరిచాడు. పెరాక్సైడ్‌కు బదులు నీళ్ళు పోశారని అతని మొదటి అనుమానం. చిన్న గొట్టంలోకి తీసి తూచాడు. నీళ్ళు కాదు. ఉండవలసిన బరువు ఉంది. రాగి మీద ఏదైనా వార్నిష్ రాశారేమోనని ముక్కను బయటికి తీసి ఆకురాయితో గీకాడు. కొత్త చెంబులా మెరిసింది. మళ్ళీ వేశాడు. ఒక్క బుడగ లేదు.

గది మూలనున్న పాత చెక్కపెట్టె నుంచి తుప్పుమేకు ఒకటి పీకి, మందపాటి అద్దం వెనక ముఖం దాచుకుని వేశాడు. తుప్పు పడితే పెరాక్సైడ్ ఆవిరై లేచిపోవాలి. మేకు అడుక్కి దిగి, ఏటిలో పడ్డ గులకరాయిలా కూర్చుంది.

అదే ద్రవాన్ని రెండు సీసాల్లో కొంచెం కొంచెం పోసుకుని, గదిలోని పెట్టె నుంచి ఇంకో మేకు పీకి జేబులో వేసుకుని, క్యాంటీను వెనక్కి నడిచాడు. అక్కడ విరిగిన పెట్టెలున్నాయి. ఒక పెట్టె నుంచి తుప్పుమేకు పీకి ఒక సీసాలోకి జారవిడిచి దూరంగా జరిగాడు. బుస్సుమంది. ఆవిరి గోడెత్తు లేచింది. సీసా నిలువునా చీలింది.

జేబులో ఉన్న గదిలోని మేకును రెండో సీసాలో వేశాడు. అది పలకలేదు.

ద్రవంలో మోసం లేదు. లోహంలో లేదు. మోసం ఆ గదిలో ఉంది. పూత నుంచి కంటికి కనబడనిది ఏదో లేచి, గదిలో ప్రతి వస్తువు మీదా పొరలా కూర్చుంటోంది, గీకితే మళ్ళీ కూర్చుంటోంది. పెరాక్సైడ్‌ను రెచ్చగొట్టే ప్రతిదాన్నీ మొద్దుబారుస్తోంది.

కమలాకర్ ఆఫీసు గని పైన, గేటు పక్కన. పక్కనే వరండాలో సంపెంగ తొట్లు. సుదర్శనం చెప్పింది విని ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు.

"సుదర్శనం గారూ, పరీక్ష పాసైతే కూడా తప్పు పట్టేవాళ్ళను నేను ఇప్పుడే చూస్తున్నాను."

"రాగి కూడా పాసైతే అది పరీక్ష కాదండీ."

"మరి మీరే చెప్పారుగా, పూత తన చుట్టూ ఉన్నదాన్ని కూడా కాపాడుతోందని. రేపు ట్యాంకులో మురికి పడినా పేలదు. ఇది లోపమా, వరమా? హైమావతి గారు ఉంటే ఎంత సంతోషించేవారు."

"ఆమె సంగతి వదిలెయ్యండి. మీరు కింది గదికి వచ్చి ఎన్నాళ్ళయింది?"

"అదేం ప్రశ్న? ఆ గదిలోనే కదండీ నా జుట్టు నెరిసింది. కాఫీ తీసుకుంటారా?"

కాఫీ వద్దన్నాడు. మెట్లు దిగుతుంటే ఎదురొచ్చిన ఖాజావలిని ఆపాడు. "కమలాకర్ గారు కిందికి వస్తుంటారా?"

"ఎందుకు రారు సార్? గుమ్మం దాకా వస్తారు. ఆణ్ణించే మాట్లాడి పోతారు."

"లోపలికి?"

"హైమావతమ్మ జబ్బు పడ్డ కాణ్ణించి లోపలికి రాలా. చూసినట్టు గుర్తు లేదు నాకు."

సాయంత్రం క్వార్టర్సులో సుదర్శనం గోంగూర పచ్చడి చేసి, పప్పు తాలింపు పెట్టాడు. వంట అతనిదే. కూతురితో మాటలు తక్కువ. వినీల పచ్చడిని కంచం అంచుకు నెట్టి, అన్నంలో మజ్జిగ పోసుకుని మెత్తగా పిసికింది. కొన్నాళ్ళుగా అదే వరస. తన వంట నచ్చదనీ, తల్లి చేతి రుచి గుర్తు చేసి పొడవడానికే అలా చేస్తుందనీ అతని లెక్క.

"రాగి ముక్క మీద ఏం రాశావు?" అన్నాడు.

ఆమె ముద్ద ఆపింది. "ఏంది నాన్నా, నన్నే అనుమానిస్తున్నావా?"

"ఎవర్నయినా అనుమానిస్తాను. నా ఉద్యోగం అది."

"ఉద్యోగం కాదు, నీ బుద్ధి. అమ్మ చేసింది నిలబడుతుందంటే నీకు కడుపుమంట. బతికుండగా ఒక్క మంచిమాట అన్నావా ఆమెను? పోయేరోజుల్లో కూడా 'వక్కపొడి నమిలావు, అనుభవించు' అన్నావు. ఆస్పత్రిలో ఆయాలు విన్నారు."

హైమావతికి చిగుళ్ళు పుళ్ళు పడి, దవడ కుళ్ళి, అది రక్తంలోకి ఎక్కింది. డాక్టరు వక్కపొడి అలవాటుందా అని అడిగాడు, ఉందని ఇతనే చెప్పాడు. ఆ ఒక్క కారణం అందరికీ సరిపోయింది. కాకపోతే రోజుకు చిటికెడు వక్కపొడికి దవడ పోతుందా అని అప్పుడు ఏ అనుమానమూ రాలేదు, అన్నిటినీ అనుమానించే మనిషికి.

వినీల కంచం తీసి లేచింది. మర్నాటి కూరకు బంగాళాదుంపలు ముందేసుకుని కత్తిపీట దగ్గర కూర్చుంది. కోపంగా ఉన్నప్పుడు పని చెయ్యడం ఆ పిల్లకు తల్లి నుంచి వచ్చింది. రెండో దుంపకే వేలు తెగింది.

"చూపించు."

"ఏం కాలేదులే."

"చూపించమన్నానా."

అలమరలో మందుల షాపు సీసా ఉంది. అదీ పెరాక్సైడే, నీళ్ళు బాగా కలిపినది, పుండు కడుక్కునేది. నాలుగు చుక్కలు వేలి మీద వంచాడు.

నురగ రాలేదు.

నెత్తురు మీద పడ్డ పెరాక్సైడ్ తెల్లగా పొంగుతుంది. చిన్నప్పుడు మోకాలు దోక్కుపోయిన ప్రతి పిల్లవాడికీ తెలుసది. వినీల వేలి మీద అది నీళ్ళలా నిలిచింది. ఎర్రటి చుక్క మెల్లగా గోధుమరంగుకు తిరిగి, చూస్తుండగానే నల్లబడింది.

"మందు పాతదేమో" అంది వినీల. గొంతులో కోపం పోయింది.

సుదర్శనం తెగిన దుంప ముక్క అందుకుని దాని మీద రెండు చుక్కలు పోశాడు. ముక్క అంతా తెల్లగా నురగలు కక్కింది. దుంపకున్నది తన కూతురి నెత్తురుకు లేదు.

షుగరు చూసుకునే సూదితో తన వేలు పొడుచుకున్నాడు. చుక్క మీద పోశాడు. నాలుగైదు బుడగలు బద్ధకంగా లేచి చితికిపోయాయి. అతను ఇక్కడికొచ్చి కొద్ది నెలలే.

"నోరు తెరువు" అన్నాడు.

ఆమె తెరవలేదు. మళ్ళీ అడిగితే తెరిచింది. వెనక చిగుళ్ళ మీద తెల్లని అంచుతో రెండు పుళ్ళు. పచ్చడి ఎందుకు ముట్టుకోవడం లేదో అతనికి అప్పుడర్థమైంది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"వేడి చేసిందనుకున్నా."

"జుట్టుకు రంగేస్తున్నావు కదూ?"

"నీకెట్టా తెలుసు?"

"స్నానాల గదిలో రంగు కలిపిన కప్పు చూశాను. ఫ్యాషననుకున్నాను."

వినీల నేల మీద కూర్చుంది. "చదువు అయిపోయి ఆ గదిలో చేరిన ఏడాదికే సగం నెరిసింది. పెళ్ళి కావలసినదాన్ని, ఎవరికి చెప్పుకుంటాను? ఆదివారం తలుపేసుకుని వేసుకుంటాను."

"మిగతావాళ్ళు?"

ఒక్కొక్కరినీ తలుచుకుంటున్నట్టు వేళ్ళు ముడిచింది. "మరియకుమారికి రంగు పడదు, దురద పెడుతుంది. అందుకే ఎప్పుడూ స్కార్ఫు. గుండు మొక్కుకున్నానంటది. ఖాజావలి అన్నకు ముప్పై అయిదు నిండలేదు నాన్నా. గడ్డానికి గోరింటాకు పెడితే మతం కోసమనుకున్నాం అందరం."

"ఒకరికొకరు చెప్పుకోలేదా?"

"నెరిసిన తల ఎవరైనా చూపించుకుంటారా?"

అదీ సంగతి. గదిలో ఉన్న అందరి తలలూ తెల్లబడ్డాయి. అందరూ తలుపులేసుకుని నల్లగా చేసుకుని, మర్నాడు ఒకరి నల్లజుట్టు ఒకరు చూసి, జబ్బు తనొక్కరికేననుకుని నోరు మూసుకున్నారు. ఎవరో వచ్చి దాచనక్కర్లేకపోయింది.

ఒంట్లో ప్రతి క్షణం కాస్త కాస్త పెరాక్సైడ్ పుడుతూనే ఉంటుంది. దాన్ని నెత్తురు విరిచి పారేస్తుంది. విరవకపోతే అది వెంట్రుకలను తెల్లబరుస్తుంది, చిగుళ్ళను తింటుంది. పలక పూతకు రాగీ తుప్పూ నెత్తురూ ఒకటే. పెరాక్సైడ్‌ను రెచ్చగొట్టేది ఏదైనా దానికి శత్రువే.

"సోమవారం నువ్వు ట్యాంకులో దిగవు."

"మాస్కు వేసుకుంటాను కదా" అంది వినీల. ఆ మాట తనకే బలంగా వినపడలేదు. "నాన్నా, ఇది పోతే అమ్మ చేసిందేదీ మిగలదు."

"నువ్వు మిగులుతావు."

ఆమె తలెత్తి చూసింది. తండ్రి అలాంటి మాట అనడం ఆమెకు అలవాటు లేదు. అతనికీ లేదు.

శనివారం గేటు పక్క హాల్లో అందరూ కూర్చున్నారు. నౌక కట్టేవాళ్ళ తరఫున ఒక ఇంజనీరమ్మ వచ్చింది. కమలాకర్ లేచి మాట్లాడాడు. పూత గురించి, దేశం గురించి, హైమావతి గురించి. సంతకం కాగితం సుదర్శనం ముందుకు జరిపాడు.

సుదర్శనం దాన్ని పక్కకు నెట్టి, సంచీలోంచి మందుల షాపు సీసా, సూదుల డబ్బా, దూది తీసి బల్ల మీద పెట్టాడు. గదిలో పనిచేసేవాళ్ళ నెత్తురు గురించి చెప్పాడు. రెండు నిమిషాలకు మించి మాట్లాడలేదు.

కమలాకర్ మెత్తగా నవ్వాడు. "ఆయన ఇంట్లో జరిగిన కష్టం మనందరికీ తెలుసు. ఆ బాధలో అన్నమాటగా తీసుకుందాం. మొదటి రోజు నుంచి అదే గదిలో, అదే గాలి పీల్చినవాణ్ణి నేను. ఏదైనా అయితే ముందు నాకు కావాలి కదా?"

"చూద్దాం" అన్నాడు సుదర్శనం. "ముందు ఎవరు?"

ఖాజావలి చెయ్యి చాపాడు. "నాకు షుగరుందో లేదో కూడా చెప్పండి సార్, పనిలో పని." వేలి మీద చుక్క పడింది. నురగ రాలేదు. ఎర్రగడ్డం కింద నవ్వు ఆగిపోయింది. "ఇదేంది సార్, నల్లబడిపాయె?"

మరియకుమారి లేచింది. ఆమె చుక్కకూ నురగ రాలేదు. ఆమె వేలు చూసుకుని, ఎవరూ అడగకుండానే స్కార్ఫు విప్పేసింది. దూదిలా తెల్లని తల. వెనక వరసలో ఒకతను తన జుట్టులో వేళ్ళు పెట్టి తడుముకున్నాడు.

వినీల చుక్క కూడా నల్లగా నిలిచింది.

"నాకూ చెయ్యండి" అంది ఇంజనీరమ్మ. ఆమె ఆ ఉదయమే రైలు దిగింది. ఆమె వేలి మీద మందు పడగానే తెల్లగా పొంగింది. ఆమె దాన్ని తుడుచుకోకుండా, పక్కనున్న వినీల వేలినీ తన వేలినీ మార్చి మార్చి చూసింది. తర్వాత కమలాకర్ వైపు తిరిగింది. అందరూ తిరిగారు.

"ఇదొక మూఢనమ్మకంలా ఉంది" అన్నాడు కమలాకర్. చెయ్యి కోటు జేబులోకి పోయింది. "లేబరేటరీలో చెయ్యాల్సిన పరీక్ష సభలో చేస్తారా?"

వినీల బల్ల చుట్టూ తిరిగి ఆయన దగ్గరకు వెళ్ళింది. "మా అమ్మ మిమ్మల్ని అన్నగారూ అని పిలిచేది సార్. చెయ్యి ఇవ్వండి."

"అమ్మాయ్, కూర్చో."

"మీరే అన్నారు గదా, ఏదైనా అయితే ముందు మీకు కావాలని. ఇవ్వండి."

ఆయన కదల్లేదు. వినీల ఆయన మణికట్టు పట్టుకుని ఆ చెయ్యిని జేబులోంచి బయటికి తీసింది. ఆయన పెనుగులాడలేదు. అంతమంది చూస్తుండగా పెనుగులాడడానికి ఆయన మర్యాద ఒప్పుకోలేదు. సుదర్శనం సూది గుచ్చి, మందు వంచాడు.

నురగ పొంగింది. ఆరోగ్యంగా, తెల్లగా, గోటి మీదుగా కారి బల్ల మీద పడింది.

"అదే గాలి పీల్చారంట" అని ఖాజావలి గొణిగాడు. ఎవరూ నవ్వలేదు.

"మీ అమ్మే వద్దంది" అన్నాడు కమలాకర్. "వేలు తెగితే చూసుకుందట. నా గదికొచ్చి చెప్పింది. ఇది ఏంటో తేలేదాకా మీరు లోపలికి రావద్దండీ, పనిచేసే పిల్లల్ని కూడా పంపొద్దు అంది. తేల్చకముందే మంచాన పడింది."

"నన్ను ఆమె పోయాకే కదా సార్ ఆ గదిలో వేశారు?" అంది వినీల.

కమలాకర్ సంతకం కాగితం వైపు చూశాడు.

హైమావతి ఆ మాట కమలాకర్‌కు చెప్పింది. ఇంట్లో మొగుడికి చెప్పలేదు. సుదర్శనం ఆ మనిషిని క్షమించలేదు, ఆమెనూ క్షమించలేకపోయాడు. ఇంజనీరమ్మ సంతకం కాగితాన్ని తన వైపు లాక్కుని, అడ్డంగా చించి, ముక్కల్ని జాగ్రత్తగా సంచిలో వేసుకుంది. కింది గదికి తాళం వెయ్యమని ఎవరో ఫోనులో చెబుతున్నారు. మరియకుమారి స్కార్ఫును మళ్ళీ కట్టుకోలేదు.

కమలాకర్ చెయ్యి వెనక్కి తీసుకోబోయాడు.

"ఉండనివ్వండి సార్" అంది వినీల. మణికట్టు వదలకుండా, తన చేతిని దాని పక్కన బల్ల మీద పెట్టింది.

ఆయన వేలి మీద ఇంకా బుడగలు లేస్తున్నాయి. సుదర్శనం అటు చూడలేదు. పక్కన కూతురి వేలి మీద కదలకుండా నిలిచిన నల్లని చుక్కనే, ఒక్క బుడగైనా లేస్తుందేమోనని, వంగి చూస్తూ కూర్చున్నాడు.